యంత్రం చప్పుడు విన్నవాడి మాట చెల్లాలి

కర్మాగారాన్ని కాపాడేది సెన్సరా, మనిషా? ఈ రెండింటినీ ఎలా కలపాలో కెనడా యాభై ఏళ్లుగా నేర్చుకుంటోంది. కొన్నిసార్లు తెలివితో నేర్చుకుంది, కొన్నిసార్లు ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది. పాశమైలారం, విశాఖ ప్రమాదాలను చూసిన మనకు ఆ పాఠం ఇప్పుడు అత్యవసరం.

2012 జనవరి 20. కెనడా పశ్చిమాన బ్రిటిష్ కొలంబియాలోని బర్న్స్ లేక్ అనే చిన్న ఊరు. చుట్టూ పైన్ అడవులు. ఊళ్లో చాలా ఇళ్లకు అన్నం పెట్టేది బాబిన్ కలప మిల్లు. ఆ రాత్రి ఎనిమిది దాటాక షిఫ్టు నడుస్తుండగానే మిల్లు పేలిపోయింది. ఇద్దరు కార్మికులు చనిపోయారు, 20 మంది గాయపడ్డారు. మూడు నెలలకే, ఏప్రిల్ 23న, అదే రాష్ట్రంలోని ప్రిన్స్ జార్జ్‌లో లేక్‌ల్యాండ్ మిల్లు కూడా అలాగే పేలింది. అక్కడ మరో ఇద్దరు చనిపోగా 22 మంది గాయాలపాలయ్యారు.

బాంబులు లేవు, గ్యాసు లీకు కాలేదు. పేలింది రంపపు పొట్టు. ఆ ఏళ్లలో పైన్ చెట్లను ఒక పురుగు తొలిచి లక్షల ఎకరాల అడవిని ఎండబెట్టేసింది. ఎండిన మాను కోస్తే వచ్చే పొడి పచ్చి మాను పొడి కంటే మెత్తగా, పొడిపొడిగా ఉంటుంది. అది గాల్లో తేలుతుంది, దూలాల మీద, కన్వేయర్ల కింద పొరలుగా పేరుకుంటుంది. దానికి నిప్పు ఎక్కడిదని దర్యాప్తు చేసిన అధికారులు వెతికితే, రెండు చోట్లా వేళ్లు చూపింది కన్వేయర్లను తిప్పే మోటారు గేర్‌బాక్సుల వైపే. రాపిడితో వేడెక్కిన ఒక మామూలు భాగం, దాని చుట్టూ ఊడ్చని పొడి.

బాబిన్ మిల్లులో ఏడాది ముందే, 2011 ఫిబ్రవరిలో, ఒక చిన్న పేలుడు జరిగింది. పొడి గురించి కార్మికులు ఆందోళన పడిన సంగతి తర్వాత జరిగిన కరోనర్ విచారణలో బయటికొచ్చింది. కళ్లకు కనిపించింది, చేతికి అంటింది, ముక్కుకు తగిలింది. యంత్రాన్ని ఆపే నిర్ణయం దాకా మాత్రం ఆ కబురు చేరలేదు. యాజమాన్యానికి పది లక్షల డాలర్లకు పైగా జరిమానా పడింది గానీ క్రిమినల్ కేసు పెట్టలేదు.

ఈ కథ చెప్పడానికి కారణం ఉంది. ఇవాళ పారిశ్రామిక ప్రపంచమంతా స్మార్ట్ మెయింటెనెన్స్, కృత్రిమ మేధ, ముందే చెప్పే సెన్సర్లు అని మాట్లాడుతోంది. 2021లో యూరోపియన్ కమిషన్ ‘ఇండస్ట్రీ 5.0’ పేరుతో మనిషిని కేంద్రంగా పెట్టుకున్న పరిశ్రమ కావాలని పత్రం కూడా వెలువరించింది. ఆ రెండింటినీ కలిపే దారి కెనడాలో చాలాముందే మొదలైంది. ఆ దారి వెంట నడిస్తే తేలేది ఒకటే: యంత్రం పరిస్థితి తెలిసిన మనిషికి నైపుణ్యం, సమాచారం, ఆపే హక్కు, ఈ మూడూ ఉంటేనే సాంకేతికత పని చేస్తుంది.

గడువు తీరిందని మార్చితే సరిపోదు

మెయింటెనెన్స్ అంటే మొదట్లో చెడిపోయాక బాగుచెయ్యడమే. తర్వాత కాలం లెక్క వచ్చింది. ఇన్ని గంటలు తిరిగితే బేరింగ్ మార్చాలి, ఇన్ని నెలలకు పంపు విప్పాలి. భాగాలు వయసు మీద పడి అరిగిపోతాయన్నది దాని వెనకున్న నమ్మకం.

1978లో అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన స్టాన్లీ నౌలన్, హోవర్డ్ హీప్ ఆ నమ్మకాన్ని తలకిందులు చేశారు. విమాన భాగాల చరిత్రలు తిరగేస్తే, వయసుతో పాటు చెడిపోయే ప్రమాదం పెరిగేవి 11 శాతమేనని తేలింది. మిగిలిన 89 శాతానికి గడువు పెట్టి మార్చడం వల్ల లాభం లేదు. పైగా 68 శాతం భాగాలు కొత్తగా బిగించిన తొలిరోజుల్లోనే ఎక్కువగా మొరాయిస్తున్నాయి. అంటే చక్కగా తిరుగుతున్న యంత్రాన్ని తేదీ వచ్చిందని విప్పితే, ఒక్కోసారి మనమే రోగం తెచ్చిపెడుతున్నామన్నమాట.

మరి ఎప్పుడు విప్పాలి? యంత్రం పరిస్థితి చూసి. బండి ఇరుసు కీచుమంటే కందెన వెయ్యాలని బండివాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. వందల యంత్రాలున్న కర్మాగారంలో ఆ చెవికి లెక్కల తోడు కావాలి. టొరంటో విశ్వవిద్యాలయంలో ఆచార్యులు ఆండ్రూ జార్డైన్ జీవితమంతా చేసిన పని అదే. 1973లోనే మెయింటెనెన్స్ నిర్ణయాల మీద పుస్తకం రాసిన ఆయన, 1990లలో తన బృందంతో కలిసి యంత్రం వయసునూ, నూనె పరీక్షలో దొరికే లోహపు రజనునూ, ప్రకంపన కొలతలనూ ఒకే సూత్రంలోకి తెచ్చారు. వైద్యంలో రోగి బతికే అవకాశాన్ని అంచనా వేసే గణిత పద్ధతే దానికి ఆధారం. ఆ ప్రయోగశాల ఇప్పుడు సీ-మోర్ అనే పరిశోధన కేంద్రంగా సాగుతోంది.

వాళ్ల అధ్యయనాల్లో ఒకటి ఆహార తయారీ కర్మాగారంలోని పంపు బేరింగ్‌లది. ఒక్కో బేరింగ్ నుంచి 21 రకాల ప్రకంపన కొలతలు తీసేవారు. లెక్క వేసి చూస్తే, చెడిపోవడాన్ని నిజంగా ముందే చెప్పేవి అందులో 3 మాత్రమే. అల్బర్టాలోని కార్డినల్ రివర్ బొగ్గు గనిలో భారీ ట్రక్కుల చక్రాల మోటార్లను పరిశీలించినప్పుడు కూడా, నూనె పరీక్షల్లో బయటపడే అనేక పదార్థాల్లో ఇనుము, మడ్డి ఈ రెండే కీలకమని తేలింది. సెన్సర్లు ఎన్ని పెట్టామన్న దానికంటే ఏది వినాలో తెలియడం ముఖ్యమని ఇంతకంటే స్పష్టంగా చెప్పలేం.

ఇక్కడే ఫిట్టర్ కథలోకి వస్తాడు. జార్డైన్ సూత్రం పని చెయ్యాలంటే ప్రతి బేరింగ్ చరిత్రలో ఒక సంగతి కచ్చితంగా ఉండాలి: దాన్ని విరిగిపోయాక మార్చారా, విరగకముందే ముందుజాగ్రత్తగా మార్చారా? విప్పి చూసినప్పుడు లోపల ఎలా ఉంది? ఇది ఏ సెన్సరూ చెప్పదు. చేతికి గ్రీజు అంటిన మనిషి రాయాలి. వర్క్ ఆర్డర్ మీద ‘రిపేరు చేశాం, బాగుంది’ అని రెండు ముక్కలు గిలికి పారేస్తే కోట్లు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ గుడ్డిదవుతుంది. ఆ చీటీ సరిగ్గా రాయడానికి ఫిట్టర్‌కు టైమూ, తను రాసింది ఎవరో చదువుతున్నారన్న నమ్మకమూ ఉండాలి.

కెనడా ఈ పనివాడిని తయారుచేసే తీరు కూడా చెప్పుకోవాలి. కర్మాగార యంత్రాలు బిగించి బాగుచేసే వృత్తికి అక్కడ మిల్‌రైట్ అని పేరు. ఆంటారియోలో ఆ వృత్తికి అప్రెంటిస్‌షిప్ 8,000 గంటలు, అంటే సుమారు నాలుగేళ్లు. జీతం తీసుకుంటూ, అనుభవజ్ఞుడి పక్కన నిలబడి నేర్చుకోవాలి.

సార్నియాలో ఒక సాహసం

ఆంటారియో నైరుతి కొసన, సెయింట్ క్లెయిర్ నది ఒడ్డున సార్నియా ఉంది. రిఫైనరీలూ రసాయన కర్మాగారాలూ బారులు తీరిన ఆ ప్రాంతాన్ని అక్కడివాళ్లు కెమికల్ వ్యాలీ అంటారు. 1970ల నడుమ షెల్ కెనడా సంస్థ అక్కడ పాలీప్రొపైలీన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తయారుచేసే కర్మాగారం కట్టాలనుకుంది. గొట్టాలూ ట్యాంకులూ ఎలా ఉండాలో గీసేటప్పుడే, మనుషుల పని ఎలా ఉండాలో కూడా గీయాలని సంస్థ నిర్ణయించింది. బల్లకు ఒకవైపు యాజమాన్యం, మరోవైపు కార్మిక సంఘం కూర్చున్నాయి. పని రూపకల్పనలో పేరున్న లూయీ డేవిస్ సలహాదారుగా వచ్చారు.

1979లో ఉత్పత్తి మొదలయ్యేసరికి కర్మాగారంలో మామూలు అధికార నిచ్చెనమెట్లు లేవు. ఆరు షిఫ్టు బృందాలు, ఒక్కో దానిలో ఇంచుమించు ఇరవైమంది. ఫోర్‌మన్ స్థానంలో ఒక సమన్వయకర్త. ప్లాంటు మొత్తాన్ని నడిపేది ఆ బృందమే. ప్రతి సభ్యుడూ ప్లాంటు నడపడంతో పాటు మెయింటెనెన్స్, ప్రయోగశాల పరీక్షలు, గిడ్డంగి వంటి వాటిలో ఇంకో పని కూడా నేర్చుకోవాలి. నేర్చుకున్న కొద్దీ జీతం పెరుగుతుంది. పెద్ద రిపేర్లు చేసి, మిగతా బృందాలకు నేర్పడానికి విడిగా నిపుణుల బృందం ఒకటి ఉండేది. సంఘంతో కుదిరిన ఒప్పంద పత్రం మామూలు ఒప్పందాలతో పోలిస్తే కొద్ది పేజీలే, ఎందుకంటే ఎవరు ఏ పని ముట్టుకోకూడదన్న జాబితాలు దానికి అక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యం కంప్యూటర్ సంగతి. అప్పటి పద్ధతి ప్రకారం కంప్యూటర్ ప్లాంటును దానంతటదే సర్దుకుంటూ పోతుంది, ఆపరేటర్ దీపాలు చూస్తూ కూర్చుంటాడు. సార్నియాలో అలా వద్దనుకున్నారు. ఏ మార్పు చేస్తే ఉత్పత్తి ఏమవుతుంది, ఖర్చు ఏమవుతుంది అన్న సమాచారం కూడా ఆపరేటర్ చేతికే అందేలా వ్యవస్థను మలిచారు. నిర్ణయం మనిషిది, దానికి తోడు యంత్రానిది.

ఈ ఆలోచనకు మూలం బ్రిటన్ బొగ్గు గనుల్లో ఎరిక్ ట్రిస్ట్ చేసిన పరిశోధన. ఆయనే తర్వాత టొరంటోలోని యార్క్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. తేడా ఎక్కడ పుట్టిందో అక్కడే సర్దాలి, అక్కడున్నవాడికే సర్దే శక్తి ఇవ్వాలి అన్నది ఆ సిద్ధాంతం సారం. రసాయన ప్లాంటులో ఇది ఆదర్శం కోసం చెప్పే మాట కాదు. వాల్వ్ దగ్గర మొదలైన చిన్న తేడా పై అధికారి సంతకం దాకా వెళ్లి తిరిగొచ్చేసరికి ట్యాంకు దాకా పాకుతుంది.

మూడు హక్కులు, ఒక హెచ్చరిక

సార్నియా బృందాలకు సంస్థ ఇష్టపడి ఇచ్చిన అధికారాన్ని మిగతావాళ్లకు చట్టం ఇవ్వాల్సి వచ్చింది. 1974లో ఆంటారియో ఉత్తరాన ఎలియట్ లేక్ యురేనియం గని కార్మికులు పని ఆపేశారు. తమ ఊపిరితిత్తుల్లో ధూళి నిండుతోందని, జబ్బుల లెక్కలు తమకు చెప్పడం లేదని వాళ్ల ఆగ్రహం. ప్రభుత్వం రాయల్ కమిషన్ వేసింది. దానికి అధ్యక్షులు జేమ్స్ హామ్, టొరంటో విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆచార్యులు. 1976లో ఆయన ఇచ్చిన నివేదిక ఆధారంగా 1978లో ఆంటారియో చట్టం చేసింది, మరుసటి ఏడాది అది అమల్లోకి వచ్చింది.

ఆ చట్టం నిలబెట్టిన హక్కులు మూడు. ప్రమాదం గురించి తెలుసుకునే హక్కు. భద్రత నిర్ణయాల్లో పాలుపంచుకునే హక్కు. ప్రమాదకరమైన పని చెయ్యనని చెప్పే హక్కు. ఇరవైమంది, అంతకు మించి పనిచేసే చోటల్లా కార్మికులూ యాజమాన్యమూ కలిసిన భద్రత కమిటీ ఉండాలి. ‘ఈ యంత్రం దగ్గర నేను నిలబడను’ అని కార్మికుడు అంటే, సూపర్‌వైజర్ కార్మికుల ప్రతినిధిని పక్కన పెట్టుకుని పరిశీలించాలి. తేలకపోతే ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ రావాలి. ఈలోగా ఆ పని ఇంకొకరికి అప్పగించాలంటే, ముందువాడు ఎందుకు వద్దన్నాడో కొత్తవాడికి చెప్పి తీరాలి. వద్దన్నందుకు వేధించకూడదు. ఒక ఇంజనీరు రాసిన నివేదిక నుంచి ఈ హక్కులు పుట్టడం యాదృచ్ఛికం అనిపించదు. చెడిపోయే సూచనను తొలుత పసిగట్టేది ఎవరో ఆయనకు తెలుసు.

అదే విశ్వవిద్యాలయంలో లోహశాస్త్ర ఆచార్యులు ఉర్సులా ఫ్రాంక్లిన్ ఉండేవారు. మ్యూనిక్‌లో పుట్టి, నాజీల శ్రమ శిబిరం నుంచి బతికి బయటపడి, 1949లో కెనడా చేరిన మనిషి. 1989లో రేడియోలో ఆమె ఇచ్చిన మాసీ ఉపన్యాసాలు ఇప్పటికీ చదవదగ్గవి. సాంకేతికత రెండు రకాలని ఆమె వివరించారు. ఒకదానిలో పని మొదలు నుంచి తుది దాకా చేసేవాడి అదుపులో ఉంటుంది. రెండోదానిలో పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఒక్కొక్కరికి ఇచ్చి, చెప్పినట్టు చెయ్యమంటారు. ఈ రెండోది సరుకు బాగానే ఇస్తుంది, దాంతోపాటు ప్రశ్నించని అలవాటును కూడా తయారుచేస్తుందన్నది ఆమె హెచ్చరిక. ప్రశ్నించడం మరిచిన కర్మాగారంలో పేరుకున్న పొట్టు ఎవరి బాధ్యతా కాదు.

ఆ హెచ్చరిక ఇప్పుడు ఇంకా పదునెక్కింది. బేరింగ్ మీద పెట్టే సెన్సర్‌కూ కార్మికుడి ఒంటి మీద పెట్టే ట్రాకర్‌కూ సాంకేతికంగా పెద్ద తేడా లేదు. యంత్రాన్ని కనిపెట్టడానికి వచ్చిన వ్యవస్థ ఎవరు ఎన్ని నిమిషాలు నీళ్లు తాగడానికి వెళ్లారో లెక్కగట్టే వ్యవస్థగా మారడానికి ఎక్కువ కాలం పట్టదు. అందుకే 2022 అక్టోబరు 11 నుంచి ఆంటారియోలో 25 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు ఎలక్ట్రానిక్ నిఘా ఎలా, ఎందుకు పెడుతున్నాయో రాతపూర్వకంగా చెప్పాల్సి వస్తోంది. నిఘాను ఆపే చట్టం కాకపోయినా, చాటుగా పెట్టడానికి అది అడ్డుకట్ట.

నమూనా మీద చేయి తిరిగాకే

యంత్రమూ మనిషీ కలిసి ఎంత ఎత్తుకు వెళ్లగలరో చూడాలంటే టొరంటోకు తూర్పున డార్లింగ్టన్ అణువిద్యుత్ కేంద్రానికి వెళ్లాలి. అక్కడి నాలుగు రియాక్టర్ల ఆయుష్షు పెంచడానికి 2016 అక్టోబరులో మొదలైన పునరుద్ధరణ అంచనా ఖర్చు 1,280 కోట్ల డాలర్లు. ఒక్కో రియాక్టర్‌లో 480 ఇంధన నాళాలు, వాటికి నీళ్లు తెచ్చే, తీసుకెళ్లే 960 గొట్టాలు ఉంటాయి. అన్నిటినీ విప్పి కొత్తవి బిగించాలి. రేడియేషన్ మధ్య మనిషి నిలబడే ప్రతి నిమిషమూ లెక్కే.

అందుకని ముందుగా రియాక్టర్ ముఖభాగాన్ని అసలు పరిమాణంలోనే నమూనాగా కట్టారు. పని చేయబోయేవాళ్లు నిజమైన పరికరాలతో అక్కడ పదేపదే సాధన చేశాకే లోపలికి వెళ్లారు. పరికరంలో ఇబ్బంది ఉంటే నమూనా దగ్గరే బయటపడుతుంది. మొదటి రియాక్టర్ పని 2020 జూన్‌లో ముగిసింది, అంటే మూడున్నరేళ్లకు పైగా పట్టింది. దాని నుంచి నేర్చిన పాఠాలు రాసిపెట్టుకుని, తర్వాతి రెండింటినీ మూడేళ్ల లోపే, అనుకున్న గడువుకు నెలల ముందే, 2023 జులైలో ఒకటి, 2024 నవంబరులో ఇంకొకటి పూర్తిచేశారు.

ఈ జాగ్రత్త వెనక కూడా ఒక దెబ్బ ఉంది. 1983 ఆగస్టు 1న పికరింగ్ కేంద్రంలోని రెండో యూనిట్‌లో ఒక నాళం పగిలింది. దాన్ని చుట్టూ ఉన్న మరో గొట్టానికి తగలకుండా ఎడంగా ఉంచాల్సిన స్ప్రింగులు జరిగిపోయాయి. ఆనుకున్న చోట లోహంలో హైడ్రోజన్ చేరి పెళుసుబారింది. ఆపరేటర్లు రియాక్టర్‌ను క్షేమంగా ఆపగలిగారు. ఆ తర్వాత ఆ యూనిట్ నాళాల లోహం మారింది, తనిఖీ పద్ధతులు మారాయి.

తెలుగు పాఠకులకు ఇది పరాయి కథ కాదు. ఇదే రకానికి చెందిన రియాక్టర్లే మన దేశ అణువిద్యుత్తుకూ వెన్నెముక. తొలిదాన్ని రాజస్థాన్‌లో కెనడా సాయంతోనే కట్టారు. 1974 తర్వాత ఆ సాయం ఆగిపోతే, మనవాళ్లు సొంతంగా ముందుకు వెళ్లారు. ఆ రియాక్టర్లకు కావలసిన ఇంధన కట్టలూ జిర్కోనియం నాళాలూ తయారయ్యేది హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో. అంత సూక్ష్మమైన పని చేయగల చేతులు మన దగ్గర ఉన్నాయి. లోటు నైపుణ్యంలో లేదు.

మన గడప దగ్గర

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ చెప్పిన లోపాల్లో ఒకటి అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది: ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలిచేవారు. పైన మరుగుతున్నా కింద పెట్టిన కొలత చల్లగానే చూపిస్తుంది. జనాన్ని హెచ్చరించాల్సిన సైరన్ మోగలేదు. పరికరం ఉండటం వేరు, అది చూడాల్సిన చోట చూడటం వేరు.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచీ కర్మాగారం పేలి నలభైమందికి పైగా కార్మికులు బలయ్యారు. ఎక్కువమంది పొట్ట చేతబట్టుకుని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, అంటే చెక్క గుజ్జు నుంచి తీసే మెత్తటి పొడి. యంత్రాలు పాతబడ్డాయని చెప్పినా పట్టించుకోలేదన్న ఆరోపణ పోలీసు కేసులోకి ఎక్కింది. బర్న్స్ లేక్ కథ చదివినవాళ్లకు ఆ వాక్యం గుండెలో గుచ్చుకుంటుంది.

భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పరిశ్రమల్లో భద్రత కమిటీలు పెట్టమన్నారు. ముంచుకొచ్చే ప్రమాదాన్ని యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కు కార్మికుడికి ఇచ్చారు. దృష్టికి తేవడం దగ్గరే ఆ హక్కు ఆగిపోయింది. పని ఆపి పక్కన నిలబడే హక్కు ఆంటారియో చట్టంలో ఉన్నంత స్పష్టంగా అందులో లేకపోయింది. రేపు పని ఉంటుందో లేదో తెలియని కాంట్రాక్టు కార్మికుడు నోరు విప్పాలంటే కాగితం మీది హక్కు ఎలాగూ చాలదు.

కాబట్టి చెయ్యవలసినవి తేటతెల్లంగా ఉన్నాయి. కర్మాగారాల యజమానులు సెన్సర్లు కొనే ముందు తమ ఫిట్టర్లను, ఆపరేటర్లను కూర్చోబెట్టుకుని ఏ యంత్రం ఎక్కడ మూలుగుతోందో అడగాలి. తెరమీద వచ్చే హెచ్చరికలు ఆ షిఫ్టులో ఉన్నవాడికి వచ్చిన భాషలో, తెలుగులోనూ హిందీలోనూ ఒడియాలోనూ, ఉండాలి. లాగ్‌బుక్ రాయడానికి షిఫ్టులో వేళ కేటాయించాలి. ఐటీఐలో రెండేళ్లు చదివి వచ్చిన ఫిట్టర్‌ను అనుభవజ్ఞుడి పక్కన నాలుగేళ్లు నిలబెట్టి నేర్పాలి. కాంట్రాక్టు కార్మికుడితో సహా ఎవరైనా సరే ప్రమాదం చూసి స్విచ్ ఆపితే ఆ రోజు కూలీ, మర్నాటి పని పోవని రాసివ్వాలి. ప్రభుత్వాలు దాన్ని చట్టంలో తిరుగులేని మాటల్లో పెట్టి, ఇన్‌స్పెక్టర్ల చేత అమలు చేయించాలి.

మీ ఇంట్లో ఎవరైనా పటాన్‌చెరులోనో, జీడిమెట్లలోనో, అచ్యుతాపురంలోనో పనికి వెళ్తుంటే ఈ ఆదివారం ఒక్క మాట అడగండి: యంత్రం తేడాగా ఉందని నువ్వు చెబితే ఆపుతారా? జవాబు ‘ఆపరు’ అయితే ఆ కర్మాగారం ఎంత ఆధునికమైనదైనా సురక్షితం కాదు.